నాలుగంగుళాల గోడల గదిలో కాపురం: వేడి, చెమ్మ, ఇన్సులేషన్ లెక్కలు

డాబా మీదో, పెరట్లోనో ఒక గది కడతారు. సిమెంటు ఇటుకతో ఒక్క వరస గోడ, పైన స్లాబో సిమెంటు రేకులో. కట్టినప్పుడు అది పాత మంచాలకూ, బియ్యం బస్తాలకూ, వాడని సైకిలుకూ. కొన్నేళ్లు గడిచేసరికి పిల్లల చదువుకో, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికో, అద్దెకు ఇవ్వడానికో ఆ గది అవసరపడుతుంది. సున్నం వేసి, ఫ్యాను బిగించి మనిషిని దించుతారు. మార్చి దాటాక మధ్యాహ్నం అందులో కూర్చోలేరు, రాత్రి పడుకోలేరు. వానాకాలం వస్తే గోడల మీద చెమ్మ మచ్చలు, మంచం కింద బూజు వాసన.

అప్పుడు సలహాలు మొదలవుతాయి. రంగుల దుకాణంలో వేడిని ఆపే పెయింటు ఉందంటారు. ఫాల్స్ సీలింగ్ చేసేవారు పైన థర్మోకోల్ కొట్టేస్తే చాలంటారు. మేస్త్రి ఇంకో వరస ఇటుక కడదామంటాడు. ఇంటర్నెట్‌లో వెతికితే బ్రిటన్‌లోనో అమెరికాలోనో కారు షెడ్డును పడకగదిగా మార్చిన వీడియోలు కనిపిస్తాయి. ఈ మాటల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. ఏ వాతావరణంలో, ఏసీ ఉన్న గదికా లేని గదికా, ఏ కప్పు కింద అది నిజమవుతుందో చెప్పకపోవడం వల్లే జనం డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఆ షరతులను విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

ఒక్క వరస గోడకు ఉన్న ఇబ్బంది

మన దగ్గర ఇలాంటి గదులకు ఎక్కువగా వాడేది 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల మందం ఉన్న సాలిడ్ సిమెంటు బ్లాకు. గట్టిగా ఉంటుంది, చవక, పని త్వరగా సాగుతుంది. కానీ కాంక్రీటు వేడిని ఇట్టే దాటనిస్తుంది. ఒక పదార్థం గుండా వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పే అంకెను ఉష్ణవాహకత అంటారు. అది సాలిడ్ కాంక్రీటు బ్లాకుకు సుమారు 1.4, కాల్చిన మట్టి ఇటుకకు 0.8 నుంచి 1 దాకా, లోపల గాలి బుడగలుండే తేలికైన ఏఏసీ బ్లాకుకు 0.18, థర్మోకోల్‌కు 0.035 దగ్గర. అంటే నాలుగంగుళాల కాంక్రీటు ఆపగలిగినంత వేడిని ఆపడానికి పదో వంతు అంగుళం థర్మోకోల్ చాలు.

మందం తక్కువ కావడంతో రెండో ఇబ్బంది వస్తుంది. ఎండ తగిలిన వేడి గోడను దాటి లోపలికి రావడానికి కొంత సమయం పడుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు అది ఆరేడు గంటలు. మధ్యాహ్నపు వేడి అందులో రాత్రికి బయటపడుతుంది, ఈలోగా పగలు కాస్త గడిచిపోతుంది. నాలుగంగుళాల బ్లాకుకు ఆ వ్యవధి మూడు గంటలకు మించదు. మూడింటికి పడమటి గోడ మీద పడిన ఎండ ఆరింటికల్లా గదిలో ఉంటుంది.

మూడో ఇబ్బంది వాన. ఒక్క వరస గోడలో సిమెంటు అతుకు బయటి నుంచి లోపలిదాకా ఒకటే. ఆ అతుకులో సన్నని పగులు వచ్చినా, బయట ప్లాస్టరింగ్ పలచగా ఉన్నా, గాలితో కొట్టే వాననీరు అదే దారిన లోపలికి వచ్చేస్తుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలల తుపాను వానలను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. వేడి సంగతి ఎంత ముఖ్యమైనా, తడి గోడ మీద ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర, అంటించడం రోగాన్ని కట్టు కింద దాచడమే. ఈ మాట మీద నాకు ఏ సందేహమూ లేదు.

యూ-విలువ అంటే

గోడల్నీ కప్పుల్నీ పోల్చడానికి ఇంజనీర్లు వాడే అంకె యూ-విలువ. గోడకు లోపలా బయటా ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో అది చెబుతుంది. తక్కువ ఉంటే మంచిది.

రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగంగుళాల కాంక్రీటు బ్లాకు గోడకు లెక్క కడితే సుమారు 3.6 వస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు 2. ఎనిమిదంగుళాల ఏఏసీ గోడకు 0.8 దగ్గర. ఐదంగుళాల మామూలు స్లాబుకు 3.3.

ఇప్పుడు ఆ బ్లాకు గోడకు ఒక అంగుళం థర్మోకోల్ చేర్చితే 3.6 కాస్తా 1కి పడిపోతుంది. రెండంగుళాలైతే 0.6. నాలుగంగుళాలైతే 0.32. మొదటి అంగుళం వేడిలో 70 శాతానికి పైగా ఆపింది. రెండో అంగుళం మరో 12 శాతం ఆపింది. ఆ తర్వాతి రెండంగుళాలూ కలిసి ఆపింది 7, 8 శాతమే. ఇంగ్లండులో పాత గోడకు లోపలో బయటో ఇన్సులేషన్ చేస్తే 0.30కి తేవాలని భవన నిబంధనలు చెబుతాయి. అక్కడ నెలల తరబడి గది లోపలికీ బయటికీ 15, 20 డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి ఆ చివరి అంగుళాలకూ విలువ ఉంది. మన దగ్గర రెండో అంగుళం తర్వాత పెట్టే డబ్బు నీడకో, కిటికీకో పెడితే ఎక్కువ పని చేస్తుంది.

మనకూ ఒక కొలమానం ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో నివాస భవనాల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత పైకప్పు యూ-విలువ 1.2 దాటకూడదంటుంది. అది పెద్ద స్థలాల్లో కట్టే భవనాల కోసం ఉద్దేశించింది, డాబా మీది గదిని ఎవరూ దానితో కొలవరు. అయినా మామూలు స్లాబు 3.3 దగ్గర ఉందని గుర్తుంచుకుంటే మన గదులు ఎంత వెనకబడి ఉన్నాయో అర్థమవుతుంది.

పది పన్నెండడుగుల గది, మే నెల మధ్యాహ్నం

హైదరాబాదులో డాబా మీద 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు గది ఒకటి తీసుకుందాం. దానికి ఆనుకుని వేరే కట్టడమేదీ లేదు. పడమటి వైపు పదడుగుల గోడ. బయట గాలి 40 డిగ్రీలు. లోపల ఏసీ పెట్టి 28 దగ్గర ఉంచాలని ప్రయత్నం.

పైకప్పు 11 చదరపు మీటర్లు. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు 950 వాట్లు అనుకుంటే, మాసిన సిమెంటు రంగు స్లాబు అందులో 70 శాతం దాకా పీల్చుకుంటుంది. గాలి ఎంతో కొంత చల్లార్చినా, ఆ స్లాబుకు బయట 65 డిగ్రీల వేడి ఉన్నట్టే లెక్క. 65కీ 28కీ తేడా 37. దాన్ని 3.3తోనూ, 11తోనూ గుణిస్తే 1340 వాట్లు. గది మధ్యలో ఇస్త్రీ పెట్టె ఒకటి ఆగకుండా కాలుతున్నట్టు.

అదే స్లాబు తెల్లగా ఉండి, ఎండలో పావు వంతే పీల్చుకుంటే బయటి వేడి 46 డిగ్రీలతో సమానం. గదిలోకి వచ్చేది 650 వాట్లు. తెలుపు వేయకుండా స్లాబు మీద రెండంగుళాల ఇన్సులేషన్ పరిచి యూ-విలువను 0.6కు తెస్తే 240 వాట్లు. రెండూ చేస్తే 120.

పడమటి గోడ 8.4 చదరపు మీటర్లు. సాయంత్రం నాలుగింటి ఎండకు అక్కడి వేడి 55 డిగ్రీలతో సమానమనుకుంటే 820 వాట్లు. మిగిలిన మూడు గోడలూ నీడలో ఉన్నా, కిటికీలూ తలుపూ తీసేస్తే 25 చదరపు మీటర్లు. వేడి గాలి వల్ల, చుట్టుపక్కల డాబాల నుంచి వచ్చే వెలుతురు వల్ల వాటి గుండా 1350 వాట్లు. మొత్తం కలిపితే 3500. ఒక టన్ను ఏసీ తీయగలిగేదీ సుమారు 3500 వాట్లే. కిటికీ అద్దం, మనుషులు, కంప్యూటర్ ఇంకా లెక్కలోకి రాలేదు. చిన్న గదిలో టన్ను ఏసీ పెట్టినా మధ్యాహ్నం చల్లబడటం లేదన్న ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది. ఏసీలో లోపం వెతికి లాభం లేదు.

ఇది స్థిరంగా వేడి పారుతుందనుకుని కట్టిన లెక్క. నిజంగా స్లాబు కొంత వేడిని తనలో దాచుకుని ఆలస్యంగా వదులుతుంది, కప్పు మీద ఎండ తీవ్రంగా ఉండే గంటా పడమటి గోడది ఒకటి కావు. కాబట్టి అసలు అంకెలు కొంత తగ్గుతాయి, సాయంత్రం వైపు జరుగుతాయి. ఏ భాగం ఎంత పాపం చేస్తోందన్న నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

ఏసీ లేకపోతే లెక్క తలకిందులు

పై అంకెల్లో మూడు నీడ గోడలే కప్పుతో సమానంగా వేడి తెచ్చాయి. కనుక అన్ని గోడలకూ ఇన్సులేషన్ కావాలని అనిపిస్తుంది. ఏసీ ఉన్న గదికి అది నిజమే.

ఏసీ లేని గదిలో లోపలి గాలి కూడా 40 దగ్గరే ఉంటుంది. నీడలో ఉన్న గోడకు అవతలా ఇవతలా దాదాపు ఒకే వేడి. దాని గుండా వచ్చేది 270 వాట్లే. అదే సమయంలో కప్పు 900 వాట్లు, పడమటి గోడ 450 వాట్లు తెస్తూనే ఉంటాయి. ఎందుకంటే వాటి వేడి ఎండది, గాలిది కాదు. ఏసీ లేని గదిలో మొదటి రూపాయి కప్పుకూ, రెండోది పడమటి గోడకూ, అక్కడితో చాలు. ఉత్తరం గోడకు థర్మోకోల్ అంటించడం వృథా.

ఇంకో సంగతి. మనిషికి తగిలే వేడి గాలిది మాత్రమే కాదు. చుట్టూ ఉన్న గోడలూ కప్పూ తమ వేడిని నేరుగా ఒంటి మీదికి ప్రసరిస్తాయి. ఇన్సులేషన్ లేని స్లాబు అడుగు మే నెలలో 40 దాటుతుంది, దాని కింద ఫ్యాను తిప్పితే ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. ఇన్సులేషన్ ఉన్న స్లాబు అడుగు, గదిలో ఏసీ ఉంటే, 32 దగ్గర ఆగుతుంది. థర్మామీటరులో గాలి వేడి రెండు మూడు డిగ్రీలే తగ్గినా ఒంటికి అంతకన్నా ఎక్కువ హాయిగా ఉండటానికి కారణం ఇదే.

తెల్ల కప్పా, మందపు కప్పా

తెలంగాణ ప్రభుత్వం 2023 నుంచి 2028 వరకు కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్లకు చల్లటి కప్పు తప్పనిసరి చేసింది, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. ఆ మాట వార్తల్లోకి వచ్చినప్పటి నుంచి తెల్ల పెయింటు అమ్మకాల ప్రకటనలు పెరిగాయి, వాటితో పాటు అయోమయమూ పెరిగింది.

తెల్ల కప్పు వేడిని రాకముందే తిప్పి పంపుతుంది. ఖర్చు తక్కువ, బరువు లేదు, పాత స్లాబు మీద ఒక రోజులో అయిపోతుంది. పేదవాడి గదికి ఇంతకన్నా న్యాయమైన ఉపాయం ఇంకోటి లేదని నా అభిప్రాయం. దాని బలహీనత దుమ్ము. వేసవి దుమ్ము, వానాకాలపు నాచు కలిసి ఒకటి రెండేళ్లలో ఆ తెలుపును మాపేస్తాయి, మాసిన మేరకు పనీ తగ్గుతుంది. కడిగి మళ్లీ వేయాలి. విరిగిన తెల్ల పింగాణీ ముక్కలు పరిచే పద్ధతి ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ కాంక్రీటు బరువు కలుస్తుంది.

ఇన్సులేషన్ అలా మాయదు. స్లాబు పైన వాటర్‌ప్రూఫింగ్ చేసి, గట్టి ఎక్స్‌పీఎస్ (థర్మోకోల్ జాతిదే, ఇంకా గట్టి నురుగు) పలకలు పరిచి, వాటి మీద సిమెంటు పొర వేస్తారు. పలకల బరువు చదరపు మీటరుకు రెండు కిలోలు కూడా ఉండదు. పైన వేసే రెండంగుళాల సిమెంటు పొర మాత్రం వంద కిలోలకు తగ్గదు. ఇటుక ముక్కలను సిమెంటుతో కలిపి నాలుగంగుళాల మందాన పరిచే కాబా అయితే ఇంకా ఎక్కువ. రాయలసీమలో పాత మట్టి మిద్దెల మీద చవుడు మట్టిని మందంగా పరిచి చల్లగా బతికారు. ఆ బరువు మోయడానికి వారి గోడలు అడుగున్నర, రెండడుగులు ఉండేవి. డాబా మీద నాలుగంగుళాల గోడలపై నిలబడ్డ గదికి అంత బరువు ఎత్తే ముందు కింది బీములను ఇంజనీరు చూడాల్సిందే.

స్లాబు కింద, గది లోపల వేసే ఇన్సులేషన్‌ను చాలామంది ఎంచుకుంటారు. వాటర్‌ప్రూఫింగ్ కదపక్కరలేదు, ఫాల్స్ సీలింగ్‌తో పాటే అయిపోతుంది. గదిలోకి వచ్చే వేడి ఇంచుమించు అంతే తగ్గుతుంది. కానీ స్లాబు మాత్రం ఎండలో కాగుతూనే ఉంటుంది. పగలు వ్యాకోచించి రాత్రి సంకోచించే ఆ కదలిక వల్లే గోడకూ స్లాబుకూ మధ్య పగులు వస్తుంది. ఆ పగులు నుంచి కారిన నీరు ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ వెనక దాక్కుంటుంది. పైన వేస్తే స్లాబే నీడలో ఉంటుంది. సౌకర్యం లోపలి పద్ధతిది, ఆయుష్షు పైనది.

సిమెంటు రేకుల కప్పు కథ వేరు. అరంగుళం కూడా లేని రేకు దేన్నీ దాచుకోదు, ఎండ పడిన కొద్ది నిమిషాలకే గదిలో తెలుస్తుంది. దాని కింద కొంత ఎడం వదిలి సీలింగ్ కట్టి, ఆ ఎడంలోని వేడి గాలి బయటికి పోయేందుకు రెండు చివరలా సందులు ఉంచితే మంచి మార్పు వస్తుంది. సిమెంటు రేకుల్లో, ముఖ్యంగా పాతవాటిలో, ఎక్కువగా ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కోసినా, రంధ్రాలు చేసినా లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని. ఆ కప్పులను కదపకుండా పైన తెలుపు వేయడమో, తీసి ఆస్‌బెస్టాస్ లేనివి వేయించడమో తప్ప మధ్యేమార్గాలు క్షేమం కాదు.

గోడకు లోపలా, బయటా

లోపల వేస్తే చోటు పోతుంది. నాలుగు వైపులా రెండున్నర అంగుళాలు తగ్గితే 120 చదరపు అడుగుల గదిలో తొమ్మిది చదరపు అడుగులు మాయం. చిన్న గదిలో అది మంచం పట్టడానికీ పట్టకపోవడానికీ తేడా కావచ్చు. గోడకు బరువైన అల్మారా బిగించడం కష్టమవుతుంది. దానికి బదులుగా, ఏసీ వేసిన పది నిమిషాలకే గది చల్లబడుతుంది, ఎందుకంటే బరువైన గోడను చల్లార్చే పని ఉండదు. రోజుకు రెండు గంటలే వాడే గదికి ఇది లాభం.

బయట వేస్తే గోడ మొత్తం ఎండకూ వానకూ దూరమవుతుంది. లోపలి చోటు మిగులుతుంది. గోడలోని బరువు గది పక్షాన నిలిచి, రాత్రి చల్లదనాన్ని పగటికి అట్టే పెడుతుంది. రోజంతా మనుషులు ఉండే గదికి ఇది మేలైనది. కానీ థర్మోకోల్ పలకల మీద వల వేసి, ప్రత్యేకమైన ప్లాస్టరు పూసే పనివారు చిన్న ఊళ్లలో దొరకడం కష్టం, పక్కింటి గోడకు ఆనుకున్న వైపు ఆ పని చేసే వీలే ఉండదు.

మేస్త్రి చెప్పే ఇంకో వరస మాటేమిటి? రెండంగుళాల ఖాళీ వదిలి బయట నాలుగంగుళాల ఏఏసీ గోడ లేపితే యూ-విలువ 3.6 నుంచి 1కి వస్తుంది. ఒక అంగుళం థర్మోకోల్ ఇచ్చిన ఫలితమే, కానీ వాన మీద విజయం దీనిది. బయటి గోడను దాటిన నీరు ఖాళీలో కిందికి జారి, అడుగున వదిలిన రంధ్రాల ద్వారా బయటికి పోతుంది. పెరట్లో పునాది వేయగలిగిన చోట ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

అన్నిటికన్నా చవకైనది నీడ. పడమటి గోడకు అడుగు దూరంలో వెదురు తడకో, తీగలు పాకించిన పందిరో ఉంటే 55 డిగ్రీల లెక్క 43కు దిగుతుంది. ఏసీ లేని గదిలో అది ఇన్సులేషన్‌తో పోటీ పడుతుంది.

చెమ్మ ఏ వైపు నుంచి వస్తుంది

పరాయి దేశపు సలహా మన గదికి ఎక్కువ నష్టం చేసేది ఈ దగ్గరే.

గాలిలో కంటికి కనబడని నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలి ఒక స్థాయి దాకా చల్లబడగానే ఆవిరి బొట్లుగా మారుతుంది. ఆ ఉష్ణోగ్రతే తుషార బిందువు. బ్రిటన్‌లో చలికాలం రాత్రి గది లోపల 20 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే తుషార బిందువు 12. బయట చలికి బ్లాకు గోడ నాలుగైదు డిగ్రీలకు దిగి ఉంటుంది. వంటా స్నానాల ఆవిరి లోపలి నుంచి గోడ వైపు ప్రయాణించి, ఇన్సులేషన్ దాటి చల్లటి బ్లాకును తాకి నీరవుతుంది. అందుకే అక్కడ ఇన్సులేషన్‌కు గది వైపున పాలిథీన్ పొర పరుస్తారు. వారి వాతావరణంలో అది సరైన పని.

కాకినాడలో ఆగస్టు మధ్యాహ్నం చూడండి. బయట 33 డిగ్రీలు, 70 శాతం తేమ. తుషార బిందువు 27 దగ్గర. లోపల ఏసీ 22లో ఉంది. ఇప్పుడు ఆవిరి బయటి నుంచి లోపలికి ప్రయాణిస్తుంది. నాలుగంగుళాల బ్లాకు దాన్ని ఆపదు. అది ఇన్సులేషన్ పలకల సందుల్లోంచి లోపలి జిప్సం బోర్డు వెనక్కి చేరుతుంది. అక్కడ 24, 25 డిగ్రీలే ఉన్నాయి. బ్రిటన్ వీడియో చూసి గది వైపున పాలిథీన్ పరిచి ఉంటే, ఆవిరి సరిగ్గా దాని వెనక నీరై కూర్చుంటుంది, ఎండటానికి దారి లేదు. ప్లాస్టిక్ వాల్‌పేపరు, గాలి ఆడని నూనె రంగు కూడా ఇదే పని చేస్తాయి. కొన్ని నెలలకు వాల్‌పేపరు వెనక నల్లటి బూజు కనిపిస్తే, గోడ కారుతోందని అనుకుంటారు. నీరు గాలిలోంచి వచ్చిందని తోచదు.

కోస్తాలో ఏసీ గదికి ఆవిరిని అడ్డుకునే పొర బయటి వైపు ఉండాలి, లోపలి ముఖం ఊపిరి ఆడేలా ఉండాలి. లోపల సిమెంటు ప్లాస్టరు, సున్నం, మామూలు డిస్టెంపరు చాలు. ఏసీని 22 నుంచి 26, 27కు పెంచినా సమస్య చాలావరకు పోతుంది, ఎందుకంటే అప్పుడు తుషార బిందువు కన్నా చల్లటి ముఖమే పెద్దగా ఉండదు.

హైదరాబాదులో మే నెల గాలి 40 డిగ్రీల వద్ద 20 శాతం తేమతో ఉంటే తుషార బిందువు 13. అక్కడ వేసవిలో ఈ భయం లేదు. కనుక ఆ పాలిథీన్ పొర హైదరాబాదులో పెద్దగా హాని చేయకపోవచ్చు, అదే పని కాకినాడలో గదిని పాడు చేస్తుంది.

నేల విషయమూ ఇంతే. చలి దేశాల్లో నేలకు కూడా ఇన్సులేషన్ పరుస్తారు, లేకపోతే గది వేడి భూమిలోకి పోతుంది. మన వేసవిలో భూమి గాలి కన్నా చల్లగా ఉంటుంది. పెరటి గదికి ఆ చల్లదనం కావాలి. నేలకు కావలసింది కింది నుంచి చెమ్మ ఎక్కకుండా ఒక పొర మాత్రమే.

పెయింటూ, రేకు కాగితమూ

వేడిని ఆపే పెయింటు అని అమ్మేవాటిలో పని చేసేది తెలుపు, అంటే ఎండను తిప్పికొట్టే గుణం. అర మిల్లీమీటరు పొర ఎంత గొప్ప పదార్థమైనా, దాని మందం వల్ల ఆగే వేడి లెక్కలోకి రాదు. ఎండ పడే బయటి ముఖం మీద అది విలువైనదే. అదే పెయింటు గది లోపలి గోడకు పూస్తే ఉపయోగం కనబడదు.

మెరిసే అల్యూమినియం రేకు అంటించిన బుడగల షీటుదీ ఇలాంటి కథే. మెరుపు ముఖం వేడిని ప్రసరించదు, అది నిజం. కానీ ప్రసరణ ఉండేది ఎదురుగా గాలి ఖాళీ ఉన్నప్పుడే. రేకుల కప్పు కింద, ఒక అంగుళమైనా ఎడంతో, మెరుపు ఆ ఖాళీ వైపు ఉండేలా కడితే బాగా పని చేస్తుంది. గోడకు గట్టిగా అంటించి పైన బోర్డు కొడితే మిగిలేది ఆ బుడగల మందం ఇచ్చే కొద్దిపాటి లాభమే.

రాత్రి వేడిని పట్టి ఉంచుతుందా

ఇన్సులేషన్ చేస్తే రాత్రి గది ఇంకా ఉక్కగా ఉంటుందని కొందరి అనుభవం. దాన్ని అపోహ అని తోసేయడం అన్యాయం. ఇన్సులేషన్ వేడిని పుట్టించదు, ఇరువైపులా ఆపుతుంది. ఇద్దరు మనుషులు, ఫ్రిజ్జు, టీవీ ఉన్న మూసిన గదిలో పుట్టే వేడి పలచటి గోడ గుండా రాత్రి బయటికి పోయేది, ఇప్పుడు పోదు. దానికి జవాబు ఎదురెదురు కిటికీలూ, పైభాగంలో వెంటిలేటరూ.

ఇక్కడ ప్రాంతం మళ్లీ ముఖ్యం. అనంతపురం వైపు పొడి నేలల్లో పగటికీ రాత్రికీ బాగా తేడా ఉంటుంది. అక్కడ బయటి వైపు ఇన్సులేషన్ చేసి, రాత్రి కిటికీలు తెరిచి, పొద్దున మూస్తే గోడలు ఆ చల్లదనాన్ని మధ్యాహ్నం దాకా ఉంచుతాయి. తీరంలో రాత్రి కూడా గాలి వెచ్చగానే ఉంటుంది. అక్కడ దాచుకోవడానికి చల్లదనమే తక్కువ, గాలి ఆడటమే ప్రధానం.

నిప్పు, తీగలు, చెదలు

థర్మోకోల్ మండుతుంది, మండినప్పుడు వచ్చే నల్లటి పొగ ప్రాణం తీస్తుంది. మంటను తొందరగా పట్టుకోని రకం దొరుకుతుంది, అయినా దాన్ని ప్లాస్టరుతోనో జిప్సం బోర్డుతోనో కప్పకుండా వదలడం ప్రమాదం. సీలింగ్‌కు వట్టి థర్మోకోల్ పలకలు అంటించిన గదుల్లో మనుషులు పడుకోవడం నాకు ఆందోళన కలిగిస్తుంది. కరెంటు తీగల పీవీసీ తొడుగు థర్మోకోల్‌ను నేరుగా తాకుతూ ఉంటే కాలక్రమంలో పెళుసుబారుతుంది. పైగా ఇన్సులేషన్‌లో కూరుకుపోయిన తీగ తన వేడిని వదల్లేదు. తీగలు గొట్టంలో ఉండాలి, ఏసీ తీగ ఒక సైజు పెద్దది కావాలి. నేలకు ఆనుకున్న పలకల్లో చెదలు సొరంగాలు తవ్వుతాయి, ఎలుకలూ గూడు పెడతాయి. అందుకే అడుగున అర అడుగు వదిలి మొదలుపెట్టడం మంచి అలవాటు.

రెండు గదులు

వరంగల్‌లో డాబా మీద గది, ఏసీ లేదు, ఓ విద్యార్థి ఉంటాడనుకుందాం. ముందు స్లాబు పగుళ్లూ బయటి ప్లాస్టరూ సరిచేసి, పైన తెల్లటి పూత వేసి, పడమటి గోడకు తడక కట్టి, ఎదురెదురుగా గాలి ఆడేలా చూస్తే కప్పు తెచ్చే 900 వాట్లు 220కీ, పడమటి గోడవి 450 నుంచి 90కీ తగ్గుతాయి. థర్మోకోల్ ఒక్క పలక కూడా కొనలేదు. ఇంకా డబ్బుంటే అది స్లాబు మీది ఇన్సులేషన్‌కు వెళ్తుంది, తెలుపు మాసినా పని చేసేలా.

విశాఖపట్నంలో పెరటి గది, రోజంతా ఏసీలో కూర్చుని ఉద్యోగం చేసేవారిది అయితే దారి మారుతుంది. కప్పుకూ నాలుగు గోడలకూ రెండంగుళాల ఇన్సులేషన్, వీలైనంతవరకు బయటి నుంచి. తలుపు సందులకు రబ్బరు పట్టీలు, ఎందుకంటే ఆ సందుల్లోంచి వచ్చే తడిగాలి గోడ గుండా వచ్చేదానికన్నా ఎక్కువ ఆవిరి మోసుకొస్తుంది. లోపల సున్నం లేదా డిస్టెంపరు. గోడలూ కప్పూ తెచ్చే 3500 వాట్లు 600 దగ్గరకు వస్తే, టన్ను ఏసీ కూడా ఆ గదికి పెద్దదవుతుంది. పెద్ద ఏసీ త్వరగా చల్లార్చి ఆగిపోతుంది, గాలిలోని తేమను తీసేంతసేపు నడవదు. చల్లగా ఉన్నా జిగటగా అనిపించే గదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. ఆ గదికి ముక్కాలు టన్నుది, వేగం తగ్గించుకుని ఆగకుండా నడిచే ఇన్వర్టర్ రకం అయితే సరిపోతుంది. అందువల్ల ఏసీ కొనడం ఇన్సులేషన్ పని పూర్తయ్యాకే.